స్టెంట్ వేశాక ఇంట్లో వంట ఎలా మారాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 52 ఏళ్ళు, తెనాలిలో ఉంటారు. రెండు నెలల క్రితం గుండెపోటు వచ్చి ఒక రక్తనాళంలో స్టెంట్ (నాళం తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. ఇంకో నాళంలో 40 శాతం బ్లాక్ ఉంది, దానికి మందులు చాలన్నారు. అప్పటి రక్తపరీక్ష రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 138, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 260, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 33. డిశ్చార్జి కాగితం చివర "నూనె, ఉప్పు తగ్గించాలి" అని ఒక్క లైను. అమ్మగారు అన్నం మాన్పించి రెండు పూటలా చపాతీలు, ఉప్పూ కారం లేని సొరకాయ కూర ఆయనకు విడిగా వండి పెడుతున్నారు. ఆయన సగం తిని లేచిపోతున్నారు. ఈలోగా బంధువొకరు వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ వెనిగర్, తేనె కలిపి కాచిన రసం తాగితే మిగిలిన బ్లాక్ కరిగిపోతుంది, ఇక మందులతో పని లేదు అన్నారు. ఆ మాట నమ్మొచ్చా, అన్నం పెట్టొచ్చా, ఏ నూనె వాడాలి, ఎంత నడవాలి అని మీరు అడిగారు.

నేను డైటీషియన్‌ని. ఇరవై రెండేళ్ళుగా గుండె జబ్బుల వార్డులో రోగులకూ, అంతకంటే ఎక్కువగా వాళ్ళకు వండిపెట్టేవాళ్ళకూ తిండి గురించి చెప్పడమే నా పని. మీ అమ్మగారి లాంటి వాళ్ళను వారానికి పదిమందిని చూస్తాను. భయంతో, ప్రేమతో ఉన్నవన్నీ మాన్పించేస్తారు. మూడో నెలకు ఇద్దరూ అలసిపోతారు.

ముందు ఆ రసం సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. బ్లాక్ అంటే పైపులో పేరుకున్న మడ్డి లాంటిది కాదు, పైనుంచి ఏదో పోస్తే కరిగి కొట్టుకుపోవడానికి. రక్తనాళం గోడ లోపలి పొర కింద కొవ్వు చేరుతుంది. దాని చుట్టూ వాపు వస్తుంది. పైన పలచటి పొర ఒకటి కప్పుకుంటుంది, పుండు మీద పొక్కు కట్టినట్టు. ఆ పొర ఎప్పుడైనా చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. 40 శాతం బ్లాక్ కూడా చిట్లవచ్చు. అందుకే మన పని దాన్ని కరిగించడం మీద కంటే, ఆ పొర గట్టిపడి కదలకుండా ఉండేలా చూడటం మీద ఉండాలి. రక్తంలో ఎల్‌డీఎల్ బాగా తగ్గి చాలాకాలం అలాగే ఉంటే లోపలి కొవ్వు తగ్గుతుంది, పైపొర మందమవుతుంది. కొందరిలో బ్లాక్ కొద్దిగా చిన్నదవుతుంది కూడా. ఇది జరిగేది ప్రధానంగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వల్ల, దానికి తోడు తిండి, నడక వల్ల.

వెల్లుల్లి చారులో, పప్పులో ఎప్పటిలా వేసుకోండి. గ్లాసులకొద్దీ రసం మాత్రం వద్దు. నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా ఇప్పటికే రెండు మాత్రలు వాడుతుంటారు. వాటి మీద వెల్లుల్లి సారం ఎక్కువైతే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఇక ఆ రెండు మాత్రలు ఆపేస్తే కొత్తగా వేసిన స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. స్టెంట్ వేసిన మొదటి ఏడాదిలో పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా మాత్ర ఆపకూడదు. ఆ బంధువు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అయినా ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఇప్పుడు వంట. మన ఇళ్ళలో పత్యం అనే మాట ఉంది కదా. బాలింతకు పత్యం, పచ్చకామెర్లకు పత్యం. అది కొన్నాళ్ళు ఉండి పోయేది. ఫలానా రోజున పత్యం విడిపిస్తారు, తర్వాత మామూలే. అమ్మగారు ఇప్పుడు చేస్తున్నది అదే. గుండెకు అది సరిపోదు, ఎందుకంటే విడిపించే రోజంటూ లేదు. ముప్ఫై ఏళ్ళు తినగలిగే తిండి కావాలి. ఆయన ఒక్కరికీ విడిగా వండటం ఈరోజే ఆపండి. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట ఉండాలి, దాని కొలతలు మారాలి. నేను ఇంటివాళ్ళను మొదట అడిగేది ఏం తింటున్నారని కాదు, నెల సరుకుల చీటీ చూపించమని.

మీరు నెలకు ఆరు లీటర్ల నూనె తెస్తామని రాశారు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఆరు ప్యాకెట్లంటే 5,460 గ్రాములు. నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 45 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజుకు 27 గ్రాములు చాలు. నాన్నగారికి ఇరవై, ఇరవై ఐదు మధ్య ఉంచుదాం. అంటే మీ ఇంటికి నెలకు మూడు లీటర్లు. నెల మొదట్లో మూడే తెచ్చుకోండి. నాలుగోది ఇంట్లో లేకపోతే చెయ్యి దానంతట అదే తగ్గుతుంది.

మా గదిలో చిన్న తూకం, ఒక మూకుడు, నూనె సీసా ఉంచుతాను. వచ్చినవాళ్ళను "ఇంట్లో కూరకు పోపు పెట్టేటప్పుడు ఎంత పోస్తారో అంతే పోయండి" అంటాను. ఒకసారి రేపల్లె వైపు నుంచి వచ్చినావిడ "మేం చాలా తక్కువ వాడతామండీ" అంటూ సీసా వంచారు. తూకం మీద 52 గ్రాములు చూపించింది. ఒక్క వంకాయ కూరకు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఎప్పుడూ కొలవలేదంతే. తర్వాతి నెల ఆవిడ చేసిన పని నాకు చాలా నచ్చింది. రోజుకు కావలసిన నూనె పొద్దున్నే చిన్న స్టీలు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టుకున్నారు. టిఫిన్‌కీ, కూరకీ, చారు పోపుకీ ఆ గిన్నెలోంచే. అయిపోతే రాత్రి కూరకు పోపు లేదు. మీ ఇంట్లోనూ ఇది పెట్టండి. నలుగురికి రోజుకు సుమారు వంద మిల్లీలీటర్లు. వంకాయ, బెండకాయ ముందు ఆవిరి మీద సగం మగ్గించి తర్వాత మూకుట్లో వేస్తే నూనె సగమే పడుతుంది, రుచి పోదు.

ఏ నూనె అంటే, ఆలివ్ నూనె కోసం డబ్బులు తగలేయక్కర్లేదు. స్పెయిన్‌లో పెద్ద పరిశోధన ఒకటి జరిగిన మాట నిజమే. ఆలివ్ నూనె, బాదం, అక్రోట్ లాంటివి, కూరగాయలు, చేపలు ఉన్న తిండి తిన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తగ్గాయి. కానీ వాళ్ళు ఆలివ్ నూనెతో పునుగులు వేయించుకోలేదు, తిండి మొత్తం అలా ఉంది. మనకు వేరుశనగ నూనె, తవుడు నూనె, నువ్వుల నూనె ఉన్నాయి. ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకోటి వాడండి. గానుగ నూనె అయినా గ్రాముకు తొమ్మిది క్యాలరీలే, కొలత మారదు. పామాయిల్‌లో ఎల్‌డీఎల్‌ను పెంచే గట్టి కొవ్వు (శాచురేటెడ్) సగానికి దగ్గరగా ఉంటుంది, ఇంట్లో వద్దు. నెయ్యిలో అది అరవై శాతం పైనే. పప్పన్నంలో ఆదివారం ఒక చెంచా వేస్తే నేను కాదనను. రోజూ వేడి వేడి అన్నం మీద ధారగా పోసుకునే అలవాటు మాత్రం పోవాలి. వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. అయినా బజ్జీల బండి మీద కాగిన నూనెనే పొద్దుటి నుంచీ మళ్ళీ మళ్ళీ కాస్తారు. సాయంత్రం నడకకని వెళ్ళి బండి దగ్గర ఆగే మగవాళ్ళు నాకు బాగా తెలుసు.

ఉప్పు దగ్గరే మన ఆంధ్రా ఇళ్ళలో అసలు చిక్కు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా. నలుగురికి నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెలలో అయిపోతుంటే అప్పటికే ఎక్కువైంది, పైగా పచ్చళ్ళ ఉప్పు ఆ లెక్కలో లేదు. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు సమంగా పడతాయి. ఒక పెద్ద ముక్క, దానికి అంటుకున్న ఊట కలిపితే గ్రాము, గ్రామున్నర ఉప్పు తేలిగ్గా ఉంటుంది. మనం ఎలా తింటామో చూడండి. మొదటి ముద్ద పచ్చడి, మధ్యలో పప్పులోకి అప్పడమో ఊరమిరపకాయో, చివర పెరుగన్నంలో మళ్ళీ ఆవకాయ నంజు. ఒక్క మధ్యాహ్నానికే రోజు ఉప్పు అయిపోతుంది. బీపీ మాత్రలు పెంచుకుంటూ పోవడానికి సగం కారణం ఇదే.

ఆవకాయ పూర్తిగా మాన్పించమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ మానరు. రెండు పనులు చేయండి. జాడీ భోజనాల దగ్గరకు రానివ్వకండి. వారానికి రెండు రోజులు, ఒక చిన్న ముక్క, కంచంలో వేసి ఇవ్వండి. మిగతా రోజుల్లో రోటి పచ్చళ్ళు చేయండి. దోసకాయ, బీరకాయ తొక్కు, టమాటా, కొత్తిమీర. చింతపండు, పచ్చిమిరప, జీలకర్ర, వెల్లుల్లి ఘాటు ఉంటే ఉప్పు సగమే వేసినా నాలుక పోల్చుకోదు. నిలవ ఉండక్కర్లేదు కాబట్టి ఉప్పు తక్కువైనా పాడవుతుందనే భయం లేదు. కారం గుండెకు శత్రువని ఎవరో చెప్పి ఉంటారు, అందుకే అమ్మగారు చప్పిడి వండుతున్నారు. కడుపులో మంట లేకపోతే కారం మామూలుగా వేయమనండి. ఆయన సగం తిని లేచిపోవడం అప్పుడే ఆగుతుంది. ఉప్పు మాత్రం ఒక్కసారిగా కాకుండా వారం వారం కొంచెం తగ్గించండి. నెలన్నరలో నాలుక అలవాటు పడుతుంది. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ ఇబ్బంది ఉన్నా, కొన్ని రకాల బీపీ మందులు వాడుతున్నా అది ప్రమాదం. డాక్టరును అడిగాకే తీసుకోండి.

అన్నం పెట్టండి. చపాతీ పిండి 80 గ్రాములైనా, బియ్యం 80 గ్రాములైనా శక్తి దాదాపు ఒకటే. గోధుమల్లో పీచు ఎక్కువే, కానీ చపాతీకి పూసే నూనె ఆ లాభాన్ని తినేస్తుంది. నాన్నగారి ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయంటే అన్నం, తీపి, మద్యం వీటిలో ఏదో కొలత దాటి ఉండవచ్చు. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, బొజ్జ, ఈ మూడూ కలిసి రావడం మనవాళ్ళలో మరీ ఎక్కువగా చూస్తాను. మధ్యాహ్నానికి 75 గ్రాముల బియ్యం తూచి విడిగా చిన్న గిన్నెలో ఒక్కసారి వండించండి, ఎంత అన్నం అవుతుందో ఆయనే కళ్ళారా చూస్తారు. మారు వడ్డన అడక్కుండా ఉండాలంటే కంచంలో మిగతా చోటు నిండాలి. కూరలు రోజుకు 400 గ్రాములు కావాలి, అందులో ఆకుకూర తప్పకుండా ఉండాలి. "అన్నంలోకి కూర కలుపుకోకండి, కూరలోకి అన్నం కలుపుకోండి" అని నేను చెబుతుంటాను. పప్పు గట్టిగా, ఎక్కువగా ఉండాలి. రాత్రికి జొన్నరొట్టె గానీ కొర్రన్నం గానీ బాగుంటుంది. అయితే కొర్రలు కదా అని రెండింతలు తింటే అదీ పిండి పదార్థమే. టిఫిన్‌కు పెసరట్టును మించింది నాకు కనబడదు. పెసలు పొట్టుతో సహా పడతాయి, ఒక చెంచా నూనె చాలు. ఉప్మా లోపల వేయకండి. టీలో చక్కెర మెల్లగా తగ్గించి ఆపేయండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలంటే నలభై గ్రాములు అవుతోంది.

గుడ్డు గురించి అనవసరంగా భయపడకండి. వారానికి మూడు నాలుగు గుడ్లు సొనతో సహా ఉడికించి పెట్టొచ్చు. చేప వారానికి రెండుసార్లు, పులుసుగా. కవళ్ళు, కానాగంతలు లాంటి సముద్రపు చేపలు చవకే, గుండెకు పనికొచ్చే కొవ్వు వాటిలోనే ఎక్కువ. వేపుడు చేస్తే ఆ లాభం పోయినట్టే. చికెన్ తోలు తీసి తినొచ్చు. మేక మాంసం పండగలకు ఉంచండి, మెదడు, లివర్ వద్దు. పాలు వెన్న తక్కువవి తెచ్చి అందులోనే పెరుగు తోడు పెట్టండి. ఉప్పు వేయని వేయించిన పల్లీలు ఒక గుప్పెడు సాయంత్రం మిక్చర్ బదులు. పండ్లు జ్యూసుగా కాకుండా కొరికి తినాలి. జామకాయ అన్నిటికంటే మంచిది.

నడక ముందు పది నిమిషాలతో మొదలవ్వాలి. మీ డాక్టరు సరేనన్నాక వారం వారం అయిదేసి నిమిషాలు పెంచి రోజుకు 30 నుంచి 45 నిమిషాలకు, వారానికి కనీసం అయిదు రోజులకు తీసుకురండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. అన్నం తిన్న వెంటనే వద్దు. మొదటి రెండు నెలలు ఎవరో ఒకరు పక్కన ఉండండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే జేబులో ఉండాలి. నడుం కొలత బొడ్డు దగ్గర టేపుతో చూడండి. ప్యాంటు సైజు 34 అని చెప్పేవాళ్ళు చాలామంది ప్యాంటు బొజ్జ కింద కడతారు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్లు ఇరవై శాతం దాకా తగ్గుతాయి, తిండి మార్పు ఫలితం అన్నిటికంటే ముందు కనిపించేది అక్కడే.

సిగరెట్ గురించి మీరేమీ రాయలేదు. ఆయన తాగుతుంటే, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే, నేను ఇంతవరకు రాసినదంతా దాని తర్వాతే. మానేసిన ఏడాదికే గుండెపోటు ముప్పు తాగేవాళ్ళతో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుంది. అంత తొందరగా అంత మేలు చేసే కూరగాయ ఏదీ లేదు. "రోజుకు రెండే" అనేది ఒప్పుకోకండి.

ఇంకో మాట. ముభావంగా ఉంటున్నారని రాశారు. దాన్ని తిండి మీద కోపమని వదిలేయకండి. గుండెపోటు తర్వాత దిగులు చాలామందికి వస్తుంది. రాత్రి రెండింటికి లేచి నాడి పట్టుకుని కూర్చునే మనుషుల్ని చూశాను. నిద్ర పట్టకపోవడం, టెన్షన్, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలకు మించి ఉంటే తర్వాతి చెకప్‌లో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. దానికి వైద్యం ఉంది.

మందుల దగ్గర నిజం నిజంగా చెబుతాను, నేను తిండి మనిషినైనా సరే. ఇల్లంతా బుద్ధిగా మారినా తిండి వల్ల ఎల్‌డీఎల్ తగ్గేది మామూలుగా పది, పదిహేను శాతం. మంచి మోతాదులో స్టాటిన్ సగానికి తగ్గిస్తుంది. స్టెంట్ పడ్డవాళ్ళకు ఎల్‌డీఎల్ 70 లోపు, చాలామంది డాక్టర్లు 55 లోపు ఉండాలంటారు. 138 నుంచి అక్కడికి తిండి ఒక్కటే తీసుకెళ్ళలేదు. రెండు నెలలైంది కాబట్టి మళ్ళీ లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించే సమయం వచ్చింది. ఎల్‌డీఎల్ తగ్గిందని చూసి మాత్ర ఆపేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. తగ్గింది మాత్ర ఉన్నందుకే. ఒళ్ళు నొప్పులు లాంటివి ఉంటే డాక్టరు మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు.

మీ వయసు 27 అన్నారు. మగవాళ్ళలో 55 ఏళ్ళ లోపు గుండెపోటు వస్తే ఆ ఇంటి పిల్లలకు ముప్పు ఎక్కువని లెక్క. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చినట్టు తేలింది, మిగతావాళ్ళకు సుమారు 59. కాబట్టి మీరూ, మీ తోబుట్టువులూ ఈ నెలలోనే బీపీ, షుగర్, లిపిడ్ పరీక్షలు చేయించుకోండి. లైపోప్రోటీన్ ఎ అనే ఒక రకం కొలెస్ట్రాల్ కణం పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, అది వంశంలో వచ్చేది.

చివరిగా, ఇది మా ఇంట్లో జరిగింది. మా నాన్నగారికి 2001లో రాత్రి భోజనం తర్వాత ఛాతీలో బరువుగా ఉందన్నారు. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగించాం, వీపు రాశాం, తెల్లారాక చూద్దామన్నాం. ఆసుపత్రికి చేరేసరికి ఆరు గంటలు గడిచాయి, గుండె కండరం చాలా భాగం దెబ్బతింది. తర్వాత ఆయన బతికిన నాలుగేళ్ళూ మెట్లెక్కలేదు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికీ దవడకూ పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం వీటిలో ఏదైనా వచ్చి కూర్చున్నా తగ్గకపోతే సోడా కోసం వెతకకండి. కూర్చోబెట్టి, డాక్టరు చెప్పిన మాత్ర నాలుక కింద పెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి. స్కూటర్ మీద తీసుకెళ్ళొద్దు. స్టెంట్ ఎప్పుడు వేశారో, ఏ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి, డిశ్చార్జి కాగితాల జెరాక్సుతో కలిపి వీధి తలుపు వెనక మేకుకు తగిలించండి. అది అమ్మగారికీ, పక్కింటివాళ్ళకూ చూపించి ఉంచండి.